కొట్టకూడని దోమ

పోయిన వారం దర్జీ పిన్ని చెయ్యి గాల్లో ఉండగా ఆపేశాం. వారం రోజులు ఆ చెయ్యి అలాగే ఎత్తి ఉంచినందుకు ఆవిడకీ, "ఇంతకీ కొట్టిందా, లేదా?" అని కార్డులు రాసి నన్ను నిద్రపోనివ్వని మీకూ ఒక దణ్ణం.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. దోమ మోసుకొచ్చే కీళ్లజ్వరానికి మన డాక్టరమ్మ ఒక టీకా తయారుచేసింది. అందులో ఉన్నది బతికున్న వైరస్సే. కాకపోతే ఆరేళ్లు కూర్చుని దాని కోరలు పీకేసింది. అది ఒంట్లో కాస్త పెరిగి, జ్వరాన్ని ఎదుర్కోవడం ఎలాగో ఒంటికి నేర్పి, పదిరోజుల్లో తప్పుకోవాలి. నిజంగా తప్పుకుంటుందా అని చూడటానికి పన్నెండుమంది తమంతట తామే వచ్చి టీకా వేయించుకుని, ఈ మేడ మీద పదిరోజులు ఉండటానికి ఒప్పుకున్నారు. ఆ పదిరోజులూ వాళ్లను దోమ కుట్టకూడదు. కుడితే వాళ్ల రక్తంలో ఉన్న వైరస్ దోమ పొట్టలోకి పోతుంది. అక్కడ దానికి మళ్లీ కోరలు మొలుస్తాయా, దోమ లాలాజలంలోకి ఎక్కి, ఏ సంతకమూ పెట్టని దారిన పోయేవాళ్ల ఒంట్లోకి పోతుందా అన్నది ఇంకా ఎవరికీ తెలియదు. అందుకే కిటికీలకు రెండేసి జాలీలు, గుమ్మానికి ఒకదాని వెనక ఒకటి రెండు అద్దాల తలుపులు. ఇంత చేసినా, వీళ్లలో ఎవరినైనా కుట్టిన దోమ ఒక్కటి చేజారితే పరీక్ష మూసేయాలని రాతపూర్వకంగా ఉంది. ఆరేళ్ల పని అక్కడితో సరి.

ఇవాళ ఆరోరోజు. రక్తంలో వైరస్ అన్నిటికన్నా ఎక్కువగా ఉండే రోజు. పొద్దున పదింటికి, హాల్లో కిటికీ పక్కన కూర్చున్న దర్జీ పిన్ని ఎడమ మోచేతి కింద దోమ వాలింది. ఆవిడ కుడిచెయ్యి లేచింది.

"పిన్నీ, కొట్టొద్దు!" అంది డాక్టరమ్మ.

చెయ్యి ఆగింది. ఆగిందంటే అదేమీ చిన్న విషయం కాదు. ముప్పై ఏళ్లుగా మిషను ముందు కూర్చున్న మనిషి. కాలు తొక్కుతూనే, కుట్టు వంకర పోకుండా, ఖాళీ చేత్తో దోమను చంపి ఒళ్లోని గుడ్డకు తుడుచుకోవడం ఆవిడకు ఊపిరి పీల్చుకున్నంత అలవాటు. ఇప్పుడు ఆ చెయ్యి చెవి పక్కన నిలబడి వణుకుతోంది.

"కొడితే పొట్ట పగిలిపోతుంది పిన్నీ. లోపల ఏముందో ఎప్పటికీ తెలీదు. కదిలిస్తే ఎగిరిపోతుంది. తాగనివ్వండి."

"తాగనివ్వాలా?"

"రెండు నిమిషాలు. కాస్త ఓర్చుకోండి."

"కూర్చోబెట్టి తాగించడానికి ఇదేమన్నా కొత్తల్లుడా?" అంది పిన్ని పెదాలు కదపకుండా. "పొట్ట చూడండి, వీపుకి అంటుకుపోయి ఉంది. ఎన్నాళ్లయిందో పాపం తిని."

తాళం సిస్టర్ అప్పటికే పనిలో ఉంది. ఈ అంతస్తులో ఏ తలుపుకు ఎన్నిసార్లు తాళం పడిందో నిద్రలో లేపి అడిగినా చెప్పే నర్సు ఆవిడ. తమ తమ గదుల్లో ఉన్న పదిమందినీ "బయటికి రాకండి" అని ఒక్క అరుపు అరిచి తలుపులన్నీ మూసేసింది. హాల్లో మిగిలింది పిన్ని, డాక్టరమ్మ, సిస్టర్, పన్నెండుమందిలో ఒకడైన బస్సు డ్రైవరు. ఆయన మంచినీళ్ల గ్లాసు చేత్తో పట్టుకుని, ఒక కాలి మడమతో ఇంకో కాలిని రుద్దుకుంటూ స్తంభంలా నిలబడిపోయాడు.

"పిన్నీ, ఆ చెయ్యి దించెయ్" అన్నాడు డ్రైవరు బతిమాలుతున్నట్టు. "ఇరవయ్యేళ్ల అలవాటు. ఎత్తిన చెయ్యి కనిపిస్తే నా కాలు బ్రేకు మీదికి పోతోంది."

డాక్టరమ్మ ఫోనులో గొంతు తగ్గించి, "బావా, గొట్టం తీసుకుని పైకి రా. ఇప్పుడే. ఎందుకని అడక్కు" అంది.

బావ అంటే నిజంగా బావే, అక్క మొగుడు. కింది అంతస్తులో దోమల్ని పెంచే గది ఆయనది. గుడ్ల నుంచి రెక్కలొచ్చేదాకా వాటికి తల్లీ తండ్రీ ఆయనే. దోమను నలగకుండా గాజు గొట్టంలోకి పీల్చి పట్టడంలో ఆయన్ని మించినవాళ్లు లేరు. మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చాడు. మొదటి తలుపు తోసుకుని దూకాడు. తలుపు ఆయన వెనక మూసుకుంది, ఆయన తెల్లకోటు అంచును పట్టుకుని మరీ. ఇక్కడ తలుపుల పద్ధతి మీకు తెలుసు కదా. మొదటిది పూర్తిగా మూసుకుంటే గాని రెండోది తెరుచుకోదు. మొదటిది మూసుకోదు, ఎందుకంటే మధ్యలో కోటుంది. తెరుచుకోదు, ఎందుకంటే మూసుకోబోతోంది.

అద్దం వెనక బావ లాగుతున్నాడు, తిరుగుతున్నాడు, గొట్టం నోట్లో పెట్టుకుని ఎలా పీల్చాలో సైగలు చేస్తున్నాడు. ఇవతల ఒక్క మాట వినిపించడం లేదు.

"ఏమంటున్నాడు?" అంది పిన్ని.

"ఏదో వాయిస్తున్నాడు" అన్నాడు డ్రైవరు.

దోమ పొట్ట ఎర్రగా నిండుతోంది. ఇంకో అర నిమిషం ఉంటే ఎక్కువ. డాక్టరమ్మ ముఖంలో రక్తం లేదు. అప్పుడు పిన్ని గాల్లో ఉన్న చేతిని అంగుళం అంగుళం చొప్పున పక్కకు తెచ్చి, "ఏమయ్యా, ఆ నీళ్లు తాగేసి గ్లాసు ఇటివ్వు" అంది.

డ్రైవరు ఒక్క గుక్కలో తాగి, చొక్కాతో లోపల తుడిచి, గ్లాసు ఆవిడ వేళ్ల మధ్య పెట్టాడు. పిన్ని గ్లాసును బోర్లించి, దోమ చుట్టూ మోచేతి మీద దించింది. దించేటప్పుడు ఆవిడ చెయ్యి వణకలేదు. ఖరీదైన గుడ్డకు కత్తెర పెట్టేటప్పుడు కూడా అది వణకదట, ఆవిడే చెప్పింది. దోమ గారు తన చుట్టూ గోడలు లేచిన సంగతి కూడా పట్టించుకోకుండా చివరి చుక్క దాకా తాగి, బరువుగా లేచి, గాజుకు అతుక్కుని కూర్చుంది. సిస్టర్ టెంపరేచరు కార్డు తెచ్చి గ్లాసు కిందికి జరిపింది.

"ఎవరూ చప్పట్లు కొట్టకండి" అంది సిస్టర్. కానీ డ్రైవరు అప్పటికే పిన్ని కాళ్లకు దణ్ణం పెట్టేశాడు. డాక్టరమ్మ పిన్నిని కావలించుకుని ఏడ్చేసింది, నవ్వేసింది, ఏది ముందో ఎవరూ చూడలేదు.

అప్పుడే బావ కోటు విప్పి, తలుపు సందులోంచి మెట్ల వైపు తోసేసి, మొదటి తలుపు మూసుకున్నాక బనియనుతో లోపలికి వచ్చాడు. పట్టుబడ్డ దోమను చూసి ఎగిరి గంతేయాల్సిన మనిషి, గ్లాసులోకి ఒకసారి తొంగిచూసి నేల చూపులు చూశాడు.

డాక్టరమ్మ గ్లాసును కిటికీ వెలుగులోకి ఎత్తింది. దోమ వీపు మీద, రెక్కల మొదట్లో, పెళ్లి ఫొటోకి పౌడరు ఎక్కువైనట్టు గులాబీ రంగు పొడి మెరుస్తోంది.

"బావా, బయటి దోమలకి గులాబీ పొడి ఎవరు పూస్తారు?"

ఏ దోమ ఏ పెట్టెదో తెలియడానికి ఒక్కో పెట్టెకు ఒక్కో రంగు పొడి పూసే పద్ధతి ఈ భవనంలో ఒకే ఒక్క గదిలో ఉంది.

"కింది గదికి, ఈ హాలుకి మధ్య అయిదు తలుపులున్నాయి. ఎలా వచ్చింది?"

పిన్ని కిటికీలోంచి ఆకాశం చూడటం మొదలుపెట్టింది. ఆకాశంలో ఏమీ లేదు.

"పిన్నీ?"

"ఆయన్ని ఏమీ అనకమ్మా" అంది పిన్ని. "నేనే అడిగాను. మొన్న అన్నం తిన్నారా అని పలకరించడానికొచ్చి, దోమల పెట్టెలకి గుడ్డ తొడుగులు చిరిగిపోయాయని బాధపడ్డాడు. చొక్కా చెయ్యిలా ఉంటుందట, అందులోంచి చెయ్యి దూర్చి వాటికి తిండి పెడతారట. కొత్తవి రావాలంటే మూడు నెలలు, మూడు సంతకాలట. నాలుగు రోజులుగా సూది ముట్టక నా వేళ్లు పిచ్చెక్కిపోతున్నాయి. తెచ్చిపెట్టు నాయనా, పది నిమిషాల పని అన్నాను."

"క్యారియర్ సంచిలో పెట్టి తెచ్చాను" అన్నాడు బావ. "పెట్టెలో ఉన్నవాటిని వేరే పెట్టెలోకి మార్చాకే తొడుగు ఊడదీశాను. మడతలో ఒకటి ఉండిపోయినట్టుంది."

"దులిపావా?"

"దులిపాను. గట్టిగా దులిపితే కాళ్లు విరుగుతాయని మెల్లగా దులిపాను."

లోకంలో ఇంకెవరూ చేయని తప్పు ఇది. దోమకు దెబ్బ తగులుతుందేమోనని గుడ్డ మెల్లగా దులిపే మనిషి బావ ఒక్కడే. ఇంకో రోజైతే డాక్టరమ్మే దీన్ని పదిమందికి చెప్పి నవ్వించేది. ఇవాళ మాత్రం ఆవిడ గ్లాసును కిటికీ గట్టు మీద పెట్టి ఆయన వైపు తిరిగింది.

"ఆరేళ్లు బావా! ఈ జ్వరంతో వేళ్లు బిగిసిపోయి అక్క సీసా మూత తిప్పలేక నా ముందు ఏడ్చిన రోజున మొదలెట్టాం మనిద్దరం. ఇంటికెళ్లి ఆవిడ చొక్కా బొత్తాలు ఇప్పటికీ నువ్వే పెడతావు. అలాంటివాడివి, నువ్వే..."

"రిపోర్టులో నా పేరు రాయి" అన్నాడు బావ. "నేనే చేశాను కదా."

డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "ఒక్క మాటమ్మా. దోమ చిక్కింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఉన్నది మనం అయిదుగురం. పైవాళ్లకి చెప్పకపోతే ఏమవుతుంది?"

ఆ మాట అందరికీ ముద్దొచ్చింది. తాళం సిస్టర్ కూడా తాళాల గుత్తి వైపు చూసిందే గాని కాదనలేదు. డాక్టరమ్మకూ ఒక క్షణం ఆశ పుట్టింది, ఆ సంగతి దాచడం ఎందుకు? ఫోను చేసి చెబితే ఈ సాయంత్రానికే పరీక్ష మూతపడొచ్చు. చెప్పకపోతే నాలుగు రోజుల్లో ఈ పన్నెండుమందీ ఇళ్లకు పోతారు.

"అన్నా, మీకు ఈ టీకా మంచిదని ఎవరు చెప్పారు?" అని అడిగింది.

"మీరే."

"నా మాట నమ్మే కదా చెయ్యి చాపారు. ఇది మనుషులకి హాని చెయ్యదని తేల్చడానికే ఇన్ని తలుపులు పెట్టుకున్నాం. ఒకటి దాచిపెట్టి మిగతావన్నీ బాగున్నాయంటే, రేపు మీ పిల్లకి ఈ టీకా నేనెలా వెయ్యను?"

డ్రైవరు తల వంచుకున్నాడు. "చెయ్యండమ్మా ఫోను" అన్నాడు.

ఈ పరీక్ష సాగాలో ఆగాలో తేల్చే భద్రతా కమిటీకి ఒక పెద్దావిడ అధ్యక్షురాలు. ఆవిడ ఫోనెత్తితే చాలు, కుర్చీలో కూర్చున్నవాళ్లు కూడా లేచి నిలబడతారని పేరు. డాక్టరమ్మ ఫోను స్పీకరులో పెట్టి, ఏదీ మింగకుండా, తొడుగుతో సహా, క్యారియర్ సంచితో సహా అంతా చెప్పింది.

"పొట్టనిండా తాగిందా?" అంది పెద్దావిడ.

"నిండా తాగిందండీ."

"అంతకుముందు?"

"వాలినప్పుడు ఖాళీ పొట్టండీ, నేను చూశాను!" అని పిన్ని ఫోనులోకి అరిచింది.

"ఎన్ని రోజుల దోమ?"

"ఎనిమిదండీ" అన్నాడు బావ. "నా గదిలోనే పుట్టింది. మా దగ్గర ఉన్నన్నాళ్లూ పంచదార నీళ్లు తప్ప ఇంకోటి ఎరగదు."

"నీ సంగతి తర్వాత చూస్తాను" అంది పెద్దావిడ. "వినండి. ఇప్పుడు తీసి దాచిన వీళ్ల రక్తాన్ని వచ్చేనెల మీరు వెచ్చబెట్టి, పల్చటి పొర కింద పోసి, దోమలకి తాగించి చూద్దామనుకున్నారు. దీనికి అంత ఓపిక లేకపోయింది, నేరుగా మనిషి దగ్గరే తాగింది. ఒక్క దోమ బాగుంటే టీకా మంచిదని రుజువు కాదు. కానీ ఒక్క దోమ చెడితే టీకా ఆపడానికి చాలు. పద్నాలుగు రోజులు దాన్ని బతికించండి. వైరస్ లాలాజలంలోకి ఎక్కేదైతే ఆ లోపల ఎక్కుతుంది. పదిహేనో రోజున చూడండి. శుభ్రంగా ఉంటే పరీక్ష సాగించండి. వైరస్ కనిపిస్తే మూసేయండి. మధ్యలో దోమ చచ్చినా మూసేయండి."

"అలాగేనండీ" అన్నారు డాక్టరమ్మ, బావ, పిన్ని ముగ్గురూ ఒక్కసారే.

"బయటపడింది ఇదొక్కటే కదా?"

బావ ఒక్క క్షణం తడబడ్డాడు. "ఒకసారి కిందికెళ్లి లెక్కపెట్టి చెప్తానండీ."

"చెప్పు. ఇంకోటి ఉంటే అదీ ఇలాగే చెక్కుచెదరకుండా చేతికి రావాలి. లేదంటే నేను చెప్పిందేదీ చెప్పనట్టే." ఫోను పెట్టేసింది.

మూతపడుతుందనుకున్నది మూతపడలేదు. ఆ సంగతి బుర్రకెక్కడానికి అందరికీ కాస్త టైము పట్టింది. ఎక్కాక మాత్రం హాలు హాలంతా విడిదిల్లయిపోయింది. గదుల్లో ఉన్న పదిమంది తలుపులు బాది "ఏమైంది?" అని అరుస్తుంటే, "బతికిపోయాం!" అని డ్రైవరు ఒక్కొక్క తలుపుకీ వెళ్లి చెప్పొచ్చాడు. దోమకు పేరు పెట్టింది పిన్ని. ఒంటినిండా పౌడరు, కడుపునిండా భోజనం, చుట్టూ ఇంతమంది చాకిరీ. "ఇది పెళ్లికూతురే" అంది. ఎండ తగలకూడదని గ్లాసు మీద చేతిరుమాలు కప్పారు. చీమలు ఎక్కకూడదని చుట్టూ నీళ్ల పళ్లెం పెట్టారు. తడి దూదికి ఎంత పంచదార వెయ్యాలన్న దాని మీద సిస్టర్‌కీ డ్రైవరుకీ చిన్న గొడవ కూడా అయింది.

"ఇరవై రెండేళ్ల సర్వీసు నాది" అంది తాళం సిస్టర్ కొత్త కార్డు మీద పదమూడో నంబరు మంచం అని రాస్తూ. "దోమకి కేసు షీటు తెరవడం ఇదే మొదలు. ఉదయం, సాయంత్రం, క్షేమం. ఇంకేం రాయాలి దీనికి?"

"ఆకలి బాగా ఉంది అని రాయి" అంది పిన్ని మోచెయ్యి గోక్కుంటూ.

బావ తలుపు దగ్గర ఆగి వెనక్కి చూశాడు. "మీ అక్కకి చెప్తావా?"

"చెప్పకుండా ఎలా ఉంటాను?" అంది డాక్టరమ్మ. కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి గాని నవ్వు ఆగడం లేదు. "మెల్లగా దులిపావన్న ముక్క దగ్గర తప్పకుండా నవ్వుతుంది. ఆవిడ గట్టిగా నవ్వి చాలా రోజులైంది బావా. వెళ్లు, వెళ్లి లెక్కపెట్టు. మెట్ల మీదున్న ఆ కోటు కూడా ఏరుకుపో."

ఈ సంబరంలో పావుగంట గడిచింది. బావ తిరిగొచ్చి రెండు తలుపుల మధ్య నిలబడ్డాడు. ఈసారి కోటు లేదు, తలుపు మూసుకోవడమే ఆలస్యం. అయినా ఆ ఆలస్యానికి కూడా ఆగలేక అద్దానికి అతుక్కుని రెండు వేళ్లు చూపించాడు.

"గెలిచామంటున్నాడు" అని డ్రైవరు కూడా రెండు వేళ్లు చూపించి నవ్వాడు.

బావ నవ్వలేదు. అడ్డంగా తల ఊపాడు. మళ్లీ రెండు వేళ్లు చూపించి, గ్లాసు వైపు చెయ్యి చూపి ఒక వేలు ముడిచాడు. ఇంకో వేలు నిటారుగా అలాగే ఉంది. దాన్ని హాలంతా తిప్పి చూపిస్తున్నాడు.

ముందు అర్థమైంది సిస్టర్‌కి. "ఇంకోటి ఉంది" అంది మెల్లగా. "ఈ హాల్లోనే."

"ఎవరూ కదలకండి" అంది డాక్టరమ్మ. "ఎక్కడ కనిపించినా కొట్టకూడదు. పిన్నీ, మీకు ప్రత్యేకంగా చెప్తున్నా. అన్నా, చేతులు కట్టుకోండి. ఏమైనా సరే, ఎవరి మీద వాలినా సరే, ఎవరూ చెయ్యి..."

మెడ వెనక, జుట్టు ముడికి కాస్త కింద, ఆవిడకు సన్నగా చురుక్కుమంది.

చెళ్లుమన్న చప్పుడు హాలంతా వినిపించింది.

కొట్టిన చెయ్యి కొట్టినచోటే ఉండిపోయింది. డాక్టరమ్మ నోరు తెరుచుకునే ఉంది. అద్దం వెనక బావ కళ్లు మూసుకున్నాడు. ఎప్పటికో ఆవిడ ఆ అరచేతిని మెల్లగా ముందుకు తెచ్చి తెరిచింది. నలిగిన రెక్క, రెండు కాళ్లు, గులాబీ పొడి, వాటి మధ్య రూపాయి బిళ్లంత ఎర్రటి మరక.

పిన్ని కళ్లజోడు సర్దుకుని, వంగి, ఆ మరకను గుడ్డ నాణ్యం చూసినట్టు చూసింది.

"ఇప్పుడే కదమ్మా వాలింది నీ మీద" అంది. "ఇంత రక్తం తాగడానికి దానికి టైమెక్కడిది? ఇది నీది కాదు."

సిస్టర్ తన చేతులు చూసుకుంది. పిన్ని తన రెండో మోచెయ్యి తిప్పి చూసుకుంది.

డ్రైవరు మాత్రం ఎవరి వైపూ చూడకుండా, పొద్దున్నుంచీ మడమతో రుద్దుకుంటున్న కాలి మీదికి పంట్లాం అంచును మెల్లగా కిందికి లాక్కున్నాడు.